వనేడియం ఫ్లో బ్యాటరీ బాగుంది, ఇచ్చిన కూలింగే బాగోలేదు

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు సోలార్‌కి తోడుగా వనేడియం ఫ్లో బ్యాటరీ పెట్టించాం. అంటే వనేడియం కలిపిన యాసిడ్ ద్రావణాన్ని ట్యాంకుల్లో ఉంచి, పంపులతో తిప్పుతూ కరెంటు దాచుకునే బ్యాటరీ. ద్రావణం నీళ్లతో చేసిందే కాబట్టి అంటుకుంటుందన్న టెన్షన్ లేదు, ఆ విషయంలో చాలా హాయి. కానీ కూలింగ్ గురించి అమ్మినవాళ్ల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. మామూలు వనేడియం ద్రావణం 10 నుంచి 40 డిగ్రీల మధ్యే నిలకడగా ఉంటుంది; 40 దాటి, పైగా ఫుల్ ఛార్జ్‌లో ఎక్కువసేపు ఉంటే, పాజిటివ్ వైపు వనేడియం పెంటాక్సైడ్‌గా గట్టిపడి స్టాక్ (కరెంటు పుట్టే సెల్స్ వరుస) లోపలి కార్బన్ ఫెల్ట్ అనే గుడ్డలాంటి పొరలో ఇరుక్కుంటుంది. అలాంటిది మన మే నెల ఎండకి ఉట్టి ఫ్యాన్లున్న రేడియేటర్ ఇచ్చారు! బయటి గాలే 44 ఉంటే ఫ్యాన్ ఎంత తిరిగినా ద్రావణం అంతకంటే చల్లబడదు కదా. సరిగ్గా సోలార్ దండిగా వచ్చే మధ్యాహ్నం పూటే స్క్రీన్ మీద ఎర్ర అలారం, ఛార్జింగ్ సగానికి పడిపోవడం. గట్టిగా అడిగాక వాటర్ చిల్లర్ బిగించారు, అప్పట్నుంచి ఇబ్బంది లేదు, అయితే అది తినే కరెంటు కూడా లెక్కలో వేసుకోవాలి. కొనేవాళ్లు చిల్లర్ సంగతి, యాసిడ్‌ని తట్టుకునే హీట్ ఎక్స్ఛేంజర్ (ద్రావణం వేడిని చల్లటి నీళ్లకి అందించేది) సంగతి కొటేషన్‌లోనే రాయించుకోండి. బ్యాటరీకి 5కి 4, వాళ్ల కూలింగ్ డిజైన్‌కి 2.