ఆ నల్ల ఎక్స్-15 అమ్మినాయన దగ్గర ఎవరూ కొనకండి

నేను కొన్న ఆ నల్ల ఎక్స్-15, అంటే అమెరికా వాళ్ళ పాత రాకెట్ విమానానికి రేడియోతో నడిపే బొమ్మ, ఎలా ఎగిరిందని మెసేజ్‌లు పెట్టిన వాళ్ళందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా. పోయింది. నిన్న మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన లాంచ్ రెయిలు మీద నుంచి లేచింది, లేచీ లేవగానే వెనక్కి తిరగబడింది, మోటారు ఇంకా మండుతుండగానే నేలలోకి దిగింది. 420 డాలర్లు. అది కాక ఇంకో బొమ్మ కోసం ఇచ్చిన బయానా 200. దాని సంగతి కింద రాస్తా, అది ఇంకా మండే కథ.

అమ్మినాయన పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. డల్లాస్ చుట్టుపక్కల రాకెట్ మోటారుతో పైకెళ్ళి రెక్కల మీద తేలుతూ దిగే రాకెట్ గ్లైడర్లు ఎగరేసే తెలుగువాళ్ళం ఎంతమందిమి ఉన్నాం గనక? అందులో బొమ్మని కారు బానెట్ మీద పెట్టి సాయంత్రం ఎండలో ఫొటోలు తీసి పెట్టేది ఒక్కడే. మీకు తెలుసు.

ప్రకటనలో ఏం రాశాడంటే: "పూర్తిగా ట్రిమ్ చేసింది, చాలాసార్లు ఎగరేసింది, బరువు 285 గ్రాములే, మోటారు పెట్టి బటన్ నొక్కడమే." ఆ 285 దగ్గరే నేను పడిపోయాను. మనం వీటికి పెట్టే ఈ6 అనే చిన్న రాకెట్ మోటారు సగటున 6 న్యూటన్ల థ్రస్ట్, అంటే తోసే బలం, ఇస్తుంది. 300 గ్రాముల బొమ్మ బరువు దాదాపు 3 న్యూటన్లు. అంటే థ్రస్ట్ బరువుకి రెండింతలు. అక్కడి నుంచి బరువు పెరిగేకొద్దీ రెయిలు దిగేటప్పటికి వేగం చాలదు, తోకకి పట్టు దొరకదు. అందుకే మనందరం ఒక్కో గ్రాముకీ ఏడుస్తాం. ఎక్స్-15 లాంటి పొట్టి రెక్కల బొమ్మని స్కేలు చెడకుండా 285లో చేశాడంటే మాటలు కాదనుకున్నా. ఎలా చేశాడో ఇప్పుడు తెలిసింది.

పనితనం బాగుందని ఒప్పుకోవాలి, నా కోపమంతా అక్కడే ఉంది. అసలు ఎక్స్-15కి రెక్కల మీద ఎయిలరాన్లు, అంటే పక్కకి దొర్లించే పలకలు, ఉండవు. తోక రెక్కలు రెండూ కలిసి కదిలితే ముక్కు లేస్తుంది, దిగుతుంది. విడివిడిగా కదిలితే పక్కకి దొర్లుతుంది. 1959 నుంచి 1968 దాకా 199 సార్లు ఎగిరిన విమానం, బీ-52 బాంబర్ రెక్క కింద వేలాడి వెళ్ళి గాల్లో దాన్ని వదిలి ఎగిరిన విమానం, గాలి ఉన్నంత ఎత్తు దాకా ఆ తోకతోనే నడిచింది. ఈయన దాన్ని డెప్రాన్ అనే తేలికపాటి ఫోమ్ షీటులో అచ్చంగా అలాగే చేశాడు. తోకని కదిపే చిన్న సర్వో మోటార్లు రెండు, కార్బన్ కడ్డీ మీద తిరిగే తోక, ఎక్కడా లూజు లేదు. వెనక చక్రాల బదులు ఉండే స్కిడ్లు కూడా పెట్టాడు. ఇంత చేతనైన మనిషి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏమిటో నాకిప్పటికీ అర్థం కావట్లేదు.

పెట్టె విప్పిన రోజే మోటారు గొట్టంలోకి టార్చ్ వేసి చూశా. తెల్లగా మెరుస్తోంది. ఎక్కడా మసి లేదు. చాలాసార్లు ఎగరేసిన బొమ్మకి మసి లేకపోవడమేమిటని అడిగితే "మీకోసం కొత్త గొట్టం వేశా అన్నా" అన్నాడు. నాకోసం! నా బుద్ధికి హారతి పట్టాలి, మురిసిపోయాను.

తర్వాత ఆయన ఇచ్చిన కాగితం. సీజీ, అంటే బొమ్మ బరువు సమంగా తూగే చోటు, దాని గీత ఎక్కడుందో బొమ్మ గీసి, కింద "ఖాళీ మోటారుతో గీత మీద ఉంటుంది, నిండు మోటారుతో 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది, కంగారు పడకండి, అలాగే ఎగిరింది" అని రాశాడు. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా: మోటారు తోక చివర ఉంటుంది, దాని మందు 20 గ్రాముల పైచిలుకు. మందు నిండుగా ఉన్నప్పుడు సీజీ వెనక ఉంటుంది, కాలేకొద్దీ ముందుకొస్తుంది. కాబట్టి సీజీ సరైన చోట ఉండాల్సింది నిండు మోటారుతో. కాలిపోయాక ముక్కు బరువెక్కుతుంది, దానికి రేడియోలో గ్లైడ్ స్విచ్ వేసి తోకకి కాస్త అప్, అంటే ముక్కు లేచేలా వంపు, ఇస్తాం. పైకి వెళ్ళేటప్పుడు ఆ అప్ ఉండకూడదు, అందుకే రెండు మోడ్‌లు. ఈయన కాగితం సరిగ్గా తలకిందులుగా ఉంది. అదే అడిగాను. "ఎక్స్-15కి తోక పెద్దది కదా అన్నా, సీజీ వెనకున్నా తోకే లాక్కొస్తుంది" అన్నాడు. తోక పెద్దదైతే కొంత వెసులుబాటు ఉంటుందన్నది నిజమే. కొంత. అబద్ధంలో కాసింత నిజం కలిపి చెప్పేవాళ్ళతోనే ఈ బాధ.

ఖాళీ మోటారు పెట్టి పార్కులో చేత్తో విసిరి చూశా. చక్కగా వెళ్ళింది, గడ్డి మీద నెమ్మదిగా దిగింది. ఆ ఆనందంలో "సూపర్ తమ్ముడూ" అని మెసేజ్ కూడా పెట్టా. ఆ మెసేజే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

నిన్న ఫీల్డులో గాలి లేదు. టెక్సాస్‌లో గాలి లేని మధ్యాహ్నం దొరకడమే గొప్ప. రెయిలు మీద పెట్టి ముగ్గురం నిలబడి తోక ఎటు కదులుతుందో చూశాం. అప్ అంటే అప్పే, ఎడమంటే ఎడమే. పైకి వెళ్ళేటప్పటి బూస్ట్ మోడ్, తోక తిన్నగా. బటన్ నొక్కా. రెయిలు దాటింది, ఒక్క క్షణం నిటారుగా వెళ్ళింది, అంతే, ముక్కు వీపు వైపు వాలడం మొదలుపెట్టింది. కర్ర మొత్తం డౌన్‌కి నొక్కి పెట్టా. దానికి లెక్కే లేదు. గాల్లో ఒక గుండ్రం తిరిగి, రెండో గుండ్రం సగంలో కార్లు పార్క్ చేసిన వైపు ముక్కు పెట్టి దిగింది. ఈ6 ఆరేడు సెకన్లు మండుతుంది కదా, సగం మందు ఇంకా మిగిలే ఉంది. ఎండుగడ్డి అంటుకుంటే ఒకాయన నీళ్ళ డబ్బాతో పరిగెత్తి ఆర్పాడు. మడత కుర్చీల్లో పిల్లలు కూర్చున్న చోటికి అది పెద్ద దూరం కాదు. 420 డాలర్ల సంగతి తర్వాత, నాకు రాత్రి నిద్ర పట్టనిది దానికి.

ముక్కలు ఏరుకుంటుంటే ముక్కు భాగం రెండుగా విడిపోయి కనిపించింది. లోపల చిన్న గది. గోడలకి గ్లూ గన్ జిగురు, ఆ జిగురులో నొక్కుకుపోయిన గుండ్రటి వాషర్ల అచ్చులు, ఒక మూల క్లే ముక్క. వాషర్లు లేవు. ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించిన గీతలున్నాయి. సీజీని ముందుకి లాగడానికి ముక్కులో పెట్టిన బరువన్నమాట అవి.

అక్కడే నిలబడి ఫోన్ చేశా. స్పీకర్ పెట్టా.

"ఏంటన్నా, ఎలా ఎగిరింది?" అని హుషారుగా ఎత్తాడు.

చెప్పాను.

"గాలి ఎక్కువుందేమో అన్నా."

"లేదు. జెండా కదలట్లేదు."

"అయితే మీ రేడియోలో రివర్స్ అయ్యుంటుంది."

"ముగ్గురం చూశాం. తమ్ముడూ, ముక్కులో వాషర్లు ఏమయ్యాయి?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, ఏదో చిన్న విషయం గుర్తొచ్చినట్టు, "ఓ అదా, తీసేశా అన్నా. బరువు 300 దాటితే ఎవరూ కొనట్లేదు" అన్నాడు.

ఇంత తేలిగ్గా. దాచాలని కూడా అనిపించలేదు మనిషికి.

"తీసేశాక మోటారు పెట్టి ఎగరేశారా?"

"చేత్తో విసిరా కదా. మీరూ విసిరారు, సూపర్ అని మెసేజ్ పెట్టారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది."

"నేనడిగేది అది కాదు. అసలు ఈ బొమ్మ మోటారుతో ఒక్కసారైనా లేచిందా?"

అక్కడ మారిపోయింది గొంతు. ఇన్నాళ్ళ అన్నా పోయింది, మీరు పోయింది. "చూడు బ్రో, రాకెట్ గ్లైడర్ అంటే డ్రోన్ కాదు. బటన్ నొక్కితే దానంతటది ఎగరదు. చేతకాని వాళ్ళకి అమ్మడం నాదే తప్పు." పెట్టేశాడు.

"బటన్ నొక్కడమే" అని ప్రకటనలో రాసింది ఎవరయ్యా? నేనా?

పక్కనున్న అమెరికన్ పెద్దాయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఫోన్ పెట్టేశాక "సారీ చెప్పాడా?" అని అడిగాడు. ఏం చెప్పను.

ఇక బయానా కథ. మాది సూళ్ళూరుపేట. 2016 మే 23న పక్కనే ఉన్న శ్రీహరికోట షార్ నుంచి ఇస్రో వాళ్ళ తిరిగి వాడే రెక్కల వాహనం నమూనా, ఆర్‌ఎల్‌వీ-టీడీ, లేచి 65 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి బంగాళాఖాతం మీదికి దిగిన దగ్గర్నుంచీ ఆ బొమ్మ చెయ్యాలని నాకు కోరిక. 2023లో చిత్రదుర్గలో హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తానే రన్‌వే మీద దిగిన వీడియో చూశాక అది పిచ్చి అయింది. ఇది మాటల్లో ఆయన దగ్గర వాగాను. వెంటనే "మీ ఊరి విమానం అన్నా, నేను కాకపోతే ఎవరు చేస్తారు" అని 200 తీసుకున్నాడు. ఫీజు పడకుండా, తెలిసినవాళ్ళకి డబ్బు పంపుకునే ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ పద్ధతిలో పంపమన్నాడు. అలాగే పంపా. మనవాడే కదా.

పోయిన వారం "మీ పుష్పక్ ముక్కలు కోసేశా" అని ఫొటో పెట్టాడు. పుష్పక్ అంటే ఆ ఆర్‌ఎల్‌వీ పేరే. నిన్న రాత్రి కోపంలో దాన్ని మళ్ళీ తీసి పెద్దది చేసి చూశా. నిలువు రెక్కలు రెక్కల చివర్లలో ఉన్నాయి. ఆర్‌ఎల్‌వీకి నిలువు తోకలు రెండూ ఒంటి వెనక భాగం మీద, బయటికి వాలి ఉంటాయి. రెక్కల కొసల్లో ఉండేది అమెరికా వాళ్ళ ఎక్స్-20 డైనా-సోర్ అనే అంతరిక్ష విమానానికి. అంటే వేరే ఎవరికో కోసిన ముక్కలు నాకు చూపించాడు. డైనా-సోర్‌ని 1963 డిసెంబర్‌లోనే రద్దు చేశారు, అది ఒక్కసారీ ఎగరలేదు. ఎగరకపోవడంలో మాత్రం ఈయన బొమ్మలు దానికి పర్ఫెక్ట్ స్కేలు.

బయానా అడిగితే నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బులు పంపిన పద్ధతికి కొన్నవాళ్ళకి రక్షణ లేదని పేమెంట్ కంపెనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

సలహా అంటే ఏముంది. ఎగరేశానన్న బొమ్మకి మోటారు గొట్టంలో మసి చూడండి. నిండు మోటారు పెట్టి సీజీ మీరే తూచుకోండి, చేత్తో విసిరితే బాగా వెళ్ళిందని పొంగిపోకండి. బరువు మరీ తక్కువ చెప్తే ముక్కులో ఏముందో అడగండి. డబ్బు రక్షణ ఉండే దారిలోనే పంపండి, మూడు నాలుగు శాతం పోతే పోయింది.

ఇప్పుడు ఆయన దగ్గర ఎక్స్-24బి అనే ఇంకో రాకెట్ విమానం బొమ్మ ఒకటి అమ్మకానికి ఉంది, బరువు 290 అని రాశాడు. నిన్న నాతో మాట్లాడాక కూడా ఆ ప్రకటన తియ్యలేదు. ఎవరైనా బయానా ఇచ్చి ఉంటే ఇవాళే ముక్కు విప్పిన ఫొటో అడగండి. డైనా-సోర్ ఆర్డర్ ఇచ్చినాయన ఎవరో గానీ, మీ ముక్కలు మాత్రం నిజంగానే కోశాడు, నా దగ్గర ఫొటో ఉంది, కావాలంటే పంపిస్తా.