చిన్న స్పీకర్లకు బేస్: గోడకు జరుపుడా, సబ్‌వూఫర్ కొనుడా?

నల్గొండ, మిర్యాలగూడ దిక్కు మన ఇండ్లల్ల రూములు ఎక్కువ 10కి 12 ఫీట్లే ఉంటయి, కింద బండలు పైన స్లాబు, గసుంటి రూముల 4 ఇంచుల వూఫర్ (లోతు సప్పుడు చేసే గుండ్రటి భాగం) ఉన్న చిన్న స్పీకర్లు పెడితే గొంతు మస్తు క్లియర్‌గ వస్తది గానీ బేస్, అంటే డప్పు దెబ్బ లాంటి లోతు సప్పుడు, మాత్రం ఛాతికి తగలది. దీనికి రెండు దారులున్నయి.

ఒకటి, పైసా ఖర్చు లేకుండ స్పీకర్లను గోడకు దగ్గర జరుపుడు. గోడ వల్ల బేస్ 6 డెసిబెల్స్ (సప్పుడు కొలిచే లెక్క) దాక పెరుగుతది, మూలకు పెడితే ఇంకా ఎక్కువ, కానీ మూలల గొంతు మూస్కపోయినట్టయితది, నాకైతే అస్సలు నచ్చదు. స్పీకర్ వెనక పోర్టు, అంటే గాలి వచ్చిపోయే బొక్క, ఉంటే జానెడు జాగ విడువాలె. ఇది చాలక ఈక్వలైజర్ల బేస్ మొత్తం పైకి గుంజుతరు చూడుండ్రి, అది డేంజర్, 6 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫైయర్ పవర్ 4 రెట్లు కావాలె, వూఫర్ల ముందుకు వెనక్కి ఊగే చిన్న కోన్ అంత కదల్లేక పర్రుమంటది.

రెండోది సబ్‌వూఫర్, అంటే ఒట్టి బేస్ కోసమే ఉండే వేరే స్పీకర్ డబ్బా. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకు 41 సార్లు ఊగుడు) దగ్గర మోగుతది, అంత కిందికి 4 ఇంచులది గట్టిగ మోగుడు కష్టం, మంచి 8 ఇంచుల సబ్ అయితే దిగుతది. క్రాసోవర్, అంటే కింది సప్పుడు సబ్‌కు, పైది చిన్న స్పీకర్లకు పంచే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడుండ్రి. ఒక్కటే తిప్పలు, 12 ఫీట్ల దూరంల ఉన్న గోడల నడుమ 47 హెర్ట్జ్ దగ్గర రూమే మోగుతది, బేస్ ఒక జాగల గుమ్మంటది, ఇంకో జాగల సరిగ వినరాదు. అందుకే సబ్‌ను మీరు కూసునే జాగల పెట్టి, పాట పెట్టి, గోడల పొంటి వంగి తిరుగుండ్రి, బేస్ యాడ సాఫ్‌గ వినిపిస్తదో సబ్‌ను ఆడ పెట్టాలె.

కిరాయింట్ల ఉండి పక్క పోర్షన్‌ల చిన్నపిల్లలుంటే గోడ పద్ధతే చాలు. సొంతిల్లయితే నేను సబ్‌కే ఓటేస్త, అదీ స్పీకర్లు ఓసారి జరిపి చూసినంకనే.