లిబ్రేఆఫీస్ ఆరేళ్లు వాడాక, దాని సేఫ్ మోడ్ గురించి నా మాట

భూమి కాగితాలు అనువదించడం నా పని. ఆరేళ్లుగా రాసేదంతా లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత టైపింగ్ ప్రోగ్రామ్‌లోనే. దానికి ఒక వ్యాకరణ ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం కోసం చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్), ఇంకో రెండు చిన్నవి తగిలించుకున్నాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు పని మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ తెరిస్తే వాటి బటన్లు ఒక్కటీ లేవు.

అందరూ చేసేదే నేనూ చేశాను. మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అదీ మూడుసార్లు. ఏమీ మారలేదు. ఎందుకో తర్వాత తెలిసింది. ప్రోగ్రామ్ తీసేసినా యూజర్ ప్రొఫైల్, అంటే మన సెట్టింగులు దాచే ఫోల్డర్, అక్కడే ఉంటుంది. విండోస్‌లో అయితే యాప్‌డేటా, రోమింగ్, లిబ్రేఆఫీస్, 4, యూజర్ అనే ఫోల్డర్ల వరుసలో చివరిది అదే. (వెర్షన్ 24 దాటినా ఆ 4 మాత్రం మారలేదు!) మనం చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లు ఉండేది అందులోనే. చెడింది అది. నేను మార్చింది వేరేది.

ఇది తెలిసిన రాత్రి మర్నాటికి ఇవ్వాల్సిన పని ఉంది. టెన్షన్‌లో యూజర్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేశాను. ఎక్స్‌టెన్షన్లు మళ్లీ వేసుకుంటే చక్కగా పనిచేశాయి. కానీ నేను ఒక్కొక్కటిగా చేర్చుకున్న పదాల డిక్షనరీ ఆ ఫోల్డర్‌లోనే వర్డ్‌బుక్ కింద ఉండేది. అదీ పోయింది. తప్పు పూర్తిగా నాదే. ఫోల్డర్ పేరు మార్చి ఉంచినా సరిపోయేది.

అప్పటి నుంచి సేఫ్ మోడ్‌నే నమ్ముకున్నాను. 2017లో 5.3 వెర్షన్‌తో వచ్చింది. హెల్ప్ మెనూలో ఉంటుంది. అది తాత్కాలిక ప్రొఫైల్‌తో తెరుస్తుంది కాబట్టి, అక్కడ అంతా బాగుంటే లోపం మన ప్రొఫైల్‌దేనని అర్థం. పాత బ్యాకప్‌కి వెళ్లడం, యూజర్ ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపడం, అన్నిటినీ తీసేయడం, ఫ్యాక్టరీ సెట్టింగులకు తేవడం, ఇవన్నీ అప్పుడు తెరుచుకునే సేఫ్ మోడ్ డబ్బాలోనే ఉన్నాయి. నేనైతే ముందు ప్రొఫైల్‌ను జిప్ చేసి దాచే ఆప్షన్ నొక్కుతాను. తర్వాత అన్నీ ఆపి, ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో ఒక్కోటి ఆన్ చేస్తూ, ప్రతిసారీ మూసి తెరుస్తాను. విసుగే, కానీ దొంగ దొరుకుతాడు.

సేఫ్ మోడ్ తీర్చలేనిది జావా గొడవ. కొత్త ల్యాప్‌టాప్‌లో నా వ్యాకరణ ఎక్స్‌టెన్షన్ తాను నడవడానికి జావా అనే వేరే సాఫ్ట్‌వేర్ కావాలంది. వేశాను. లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిస్తే జావా జాబితా ఖాళీ! ఒక పూట పోయాక తేలింది: 64 బిట్ లిబ్రేఆఫీస్‌కి నేను 32 బిట్ జావా పెట్టాను, రెండూ ఒకే రకం కావాలి. సరైనది వేసి, మూసి తెరవగానే బటన్లు వచ్చేశాయి.

ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఏ ఎక్స్‌టెన్షన్ వల్ల ఇబ్బందో అదే వెతికి చెప్పి ఉంటే ఆ ఒక్కటీ ఇచ్చేవాణ్ని.

పోయిన పదాలు ఇప్పటికీ పూర్తిగా చేర్చలేదు. నిన్న కూడా ‘పహాణీ’ కింద ఎర్ర గీత కనిపించింది.