గాలం వేటకు కుర్చీ: మెత్తకన్నా ముందు కాళ్ళు చూడండి

షాపులో గచ్చు మీద ఏ కుర్చీ అయినా బాగానే ఉంటుంది. దాని బండారం గట్టు మీద బయటపడుతుంది. పొద్దున్నే మంచి చోటు చూసుకుని, ఎర గుచ్చి, రాడ్డు స్టాండు మీద పెట్టి వెనక్కి వాలీ వాలగానే వెనక కాళ్ళు రెండూ బురదలోకి దిగిపోతాయి. ఇక ఆ పూటంతా కుర్చీని పీకడం, పక్కకి జరపడం, మళ్ళీ పీకడం. తోడొచ్చినవాళ్ళు మొదట నవ్వుతారు, మధ్యాహ్నానికి "ఇంకెంతసేపు?" అని విసుక్కుంటారు. అంత డబ్బు పోసి కొన్నది ఇదా అనిపిస్తుంది.

తప్పు బురదది కాదు, లెక్క చూడండి. 80 కిలోల మనిషి, నాలుగు కాళ్ళ కుర్చీ, ఒక్కో కాలి చివర 2.5 సెంటీమీటర్ల వ్యాసం. నాలుగూ కలిపినా నేలకు ఆనేది 20 చదరపు సెంటీమీటర్లే. అంటే చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. అదే కాళ్ళకు 10 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పాదాలుంటే అది పావుకిలోకు, అంటే 16వ వంతుకు పడిపోతుంది. ఆ పాదాలు కూడా అటూ ఇటూ వాలేలా ఉండాలి. కదలని పాదమైతే ఏటవాలు గట్టు మీద అంచు ఒక్కటే ఆని, అక్కడే దిగబడుతుంది.

తర్వాత చూడాల్సింది, ఏ కాలికా కాలు పొడవు మార్చుకునే వీలుందా అని. బటన్ రంధ్రంలో పడే రకం జారదు, కానీ రంధ్రాలున్న ఎత్తులే దొరుకుతాయి. నాబ్ తిప్పి బిగించే రకంలో కావలసిన ఎత్తు పెట్టుకోవచ్చు, కానీ తడి బురద పట్టిందంటే జారుతుంది. జారుతోంది కదా అని బలంగా తిప్పితే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది. రెండింటికీ శత్రువు ఇసుకే. గొట్టంలో చేరిందా, కాలు పైకీ రాదు, కిందికీ పోదు. మడిచేముందు మంచినీళ్ళతో కడిగి, ఆరాకే సంచిలో పెట్టాలి. సముద్రం ఒడ్డున వాడే స్టీలు కుర్చీకి ఇది మరీ ముఖ్యం. తుప్పు రివెట్ల దగ్గర, గొట్టం లోపల మొదలవుతుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది.

"130 కిలోలు మోస్తుంది" అని రాసిన చీటీని పూర్తిగా నమ్మొద్దు. కదలకుండా, బరువు నాలుగు కాళ్ళ మీదా సమానంగా ఉన్నప్పటి మాట అది. మనం ధబ్బున కూలబడతాం, ఒక పక్కకి వంగి వలబుట్ట అందుకుంటాం. బట్టలతో సహా మన బరువు మీద కనీసం 30 కిలోలు మిగులు ఉండాలి. విరిగేది ఎక్కువగా గొట్టం కాదు, మూలల్లోని ప్లాస్టిక్ కీలు. లేదంటే గొట్టం చివర దూరే గుడ్డ జేబు చిరుగుతుంది. కొనేముందు గుడ్డ తిరగేసి, ఆ జేబుకు రెండో పొర వేశారో లేదో చూడండి.

ఎత్తు విషయంలో చాలామంది మోసపోతారు. 25, 30 సెంటీమీటర్ల పొట్టి కుర్చీలో హాయిగా ఉంటుంది కానీ, బెండు మునిగిన క్షణంలో లేవలేం. మోకాలు సమకోణంలో ఉండాలంటే చాలామందికి 40 నుంచి 45 కావాలి. రాడ్డు చేతిలోనే పట్టుకునేవాళ్ళకు చేతులున్న కుర్చీ వద్దే వద్దు. రీల్ తిప్పేటప్పుడు మోచెయ్యి తగులుతూనే ఉంటుంది. రాడ్డు స్టాండు మీద వదిలేసేవాళ్ళకు చేతులుంటేనే మేలు, లేవడానికి ఊతం. కప్పు పెట్టుకునే వలజేబును మాత్రం లెక్కలోకి తీసుకోకండి. దాన్ని ఎక్కువగా వాడేది మన గాలపు ముళ్ళే, చిక్కుకోవడానికి.

రాళ్ళ మీదికి మూడు కాళ్ళ స్టూలు మంచిది, ఊగదు. కాకపోతే పక్కకి వంగితే త్వరగా పడుతుంది. చిన్న పడవలో విడి కుర్చీ వేయనే వద్దు. ఎక్కువ దూరం నడవాలంటే 4 కిలోలకు మించినది మోయడం శిక్షే. అలాగని కిలో బరువుండే సన్నకాళ్ళ కుర్చీ పట్టుకెళ్తే, దాని కింద పరిచే పట్టా కూడా పట్టుకెళ్ళాలి.

షాపులో ఒక కాలి కింద 5 సెంటీమీటర్ల మందం అట్టపెట్టె పెట్టి కూర్చోండి. వెనక్కి వాలండి, చేతులు ఆనించకుండా లేవండి, రాడ్డు విసిరినట్టు చెయ్యి తిప్పండి. చివర్లో చేతులు తడిపి మడిచి చూడండి. కత్తెరలా మూసుకునే కీళ్ళలో వేలు నలిగితే ఆ కుర్చీని అక్కడే వదిలేయండి.