సోలార్ హీటర్‌తో ఏడేళ్లు: ప్రెజర్ ఎక్కడ పోతోందో పట్టుకున్న తీరు

2018 డిసెంబరులో తిరుపతిలోని మా ఇంటి మిద్దె మీద 200 లీటర్ల ప్రెజర్ టైపు సోలార్ వాటర్ హీటర్, దానితోపాటు, పైపుల్లో ఒత్తిడి తగ్గగానే దానంతటదే నడిచే ప్రెజర్ పంపు పెట్టించాను. ఇంట్లో ఐదుగురం, అప్పటి నుంచి రోజూ వాడుతున్నాం. హీటర్ విషయంలో పెద్దగా ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ప్రెజర్ పడిపోవడంతోనే వచ్చింది. కొనేటప్పుడు ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లో ఎండకు కరువు లేదు. నవంబరు, డిసెంబరు ముసురు రోజుల్లో తప్ప కరెంటు కాయిల్ వెయ్యాల్సిన పని పడదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పైన గాలి గొట్టం ఉండే మామూలు ట్యాంకు ఒత్తిడిని తట్టుకోదు, కాబట్టి దానికి ప్రెజర్ పంపు కలపకూడదు. మాది బోరు నీళ్లు, గిన్నెల అడుగున తెల్లగా పొర కడతాయి. ట్యాంకులో ఉండే మెగ్నీషియం కడ్డీ తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. మూడో ఏట బయటికి తీసి చూస్తే చీపురుపుల్లలా సన్నబడి ఉంది. వెంటనే మార్పించాను.

ఇక అసలు విషయం. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులన్నీ చెరువులైనప్పుడు మా గోడలు కూడా చెమ్మెక్కాయి. జనవరికి అన్నీ ఆరినా పూజగది పక్క గోడ ఒక్కటే ఆరలేదు. వాన చెమ్మే కదా అనుకుని వదిలేశాం. ఆ రోజుల్లోనే రాత్రిపూట ఎవరూ కొళాయి తిప్పకుండానే రెండు గంటలకోసారి మోటారు మోగడం మొదలైంది. ఒక ప్లంబరు వచ్చి, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఎన్ఆర్‌వీ మార్చాడు. ఇంకొకాయన ఒత్తిడిని బట్టి పంపును ఆన్, ఆఫ్ చేసే ప్రెజర్ స్విచ్ మార్చాడు. హీటర్ మెకానిక్ ఏకంగా ట్యాంకే పోయిందన్నాడు. మూడుసార్లు డబ్బులు పోయాయి, మోటారు మాత్రం మోగుతూనే ఉంది. ఆ టెన్షన్‌కు నాకు నిద్ర కరువైంది.

దారి చూపించింది ఇంగ్లండులో ఉండే మా తమ్ముడు. అక్కడ ఇళ్లను వెచ్చగా ఉంచడానికి బాయిలర్ ఉంటుంది. బాయిలర్‌కీ గదుల్లోని రేడియేటర్లకీ మధ్య అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడిని కొలిచే గేజ్ 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలత) మధ్య చూపాలి. వాడింట్లో అది వారం తిరిగేసరికి సున్నాకు వచ్చేది. వాడు బాయిలర్ కింది రెండు వాల్వులూ మూసి రాత్రంతా అలాగే ఉంచాడు. తెల్లారి చూస్తే బాయిలర్ ముల్లు కదల్లేదు. అంటే లీకు బాయిలర్‌లో లేదు, నేల కింది పైపుల్లో ఉంది. "అన్నా, సామాన్లు మార్చడం ఆపు. లైనును ముక్కలు ముక్కలుగా మూసి చూడు" అన్నాడు.

నేనూ అదే చేశాను. మా పంపు 1.5 బార్ దగ్గర మొదలై 2.5 దగ్గర ఆగుతుంది. మొదటి రాత్రి పంపు స్విచ్ తీసేసి, గేజ్ దాటాక ఉన్న మెయిన్ వాల్వు మూశాను. పొద్దున ముల్లు ఉన్నచోటే ఉంది. ఎన్ఆర్‌వీ, పంపు సీలు బాగున్నాయన్నమాట. తర్వాత లైనులో ఒత్తిడిని పట్టి ఉంచే గాలి ట్యాంకు. నీళ్లన్నీ వదిలేసి, పైనున్న పిన్ను నొక్కితే గాలి మాత్రమే వచ్చింది. నీళ్లు చిమ్మి ఉంటే లోపలి రబ్బరు సంచి చిరిగిందని అర్థం. పంచర్ షాపు గేజ్‌తో చూస్తే 19 పీఎస్ఐ, అంటే దాదాపు 1.3 బార్. పంపు మొదలయ్యే ఒత్తిడి కంటే అది కాస్త తక్కువే ఉండాలి, అలాగే ఉంది. ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు కలిపి గంట ఆగాం. కమోడ్‌లోకి నీలం రంగు దిగలేదు.

రెండో రాత్రి వేడినీళ్ల వైపు మూసి చన్నీళ్ల లైను ఒక్కటే ఉంచాను. ముల్లు నిలబడింది. మూడో రాత్రి చన్నీళ్ల లైను మూసి వేడి లైను తెరిచి పెడితే ముల్లు దిగుతూ పోయింది. ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. వేడినీళ్లు చల్లారితే కుంచించుకుంటాయి కాబట్టి ముల్లు కాస్త దిగడం మామూలే, కానీ కొంతసేపటికి ఆగిపోతుంది. మాది ఆగలేదు. ఒత్తిడి ఎక్కువైతే నీళ్లు వదిలే సేఫ్టీ వాల్వు కింద బకెట్ పెట్టాను, అది పొడిగానే ఉంది. (200 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగితే దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. అందుకే కొన్ని ఇళ్లలో మధ్యాహ్నంపూట ఆ వాల్వు నుంచి చుక్కలు పడతాయి. అది లీకు కాదు.) హీటర్ నుంచి వేడినీళ్లు బయటికొచ్చే వాల్వు కూడా మూస్తే ముల్లు మళ్లీ నిలబడింది. అంటే ట్యాంకు బాగానే ఉంది, లీకు ఇంట్లోకి దిగిన వేడినీళ్ల పైపులో. మోటారు ఒక్కసారి మోగితే మా గాలి ట్యాంకులోకి చేరేది సుమారు 6 లీటర్లు. ఆ లెక్కన రోజుకు 70 లీటర్ల వేడినీళ్లు నేలలోకి పోతున్నాయి.

ఎక్కడ తవ్వాలి? ఆ జవాబు అమ్మ నోటి నుంచి వచ్చింది. పొద్దున్నే పూజకు కూర్చున్నదల్లా అరచెయ్యి నేలకు ఆనించి, "ఏమిరా, ఈడ నేల ఎచ్చగా ఉండాది?" అంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. చుట్టూ టైళ్లు చల్లగా ఉన్నాయి, గోడ పక్కనున్న ఒక్క టైలు మాత్రం పాలు కాచి దించిన గిన్నె అడుగులా వెచ్చగా ఉంది. మేస్త్రి ఆ ఒక్క టైలే పగలగొట్టాడు. జానెడు లోతులో వంటింటికి వెళ్లే వేడినీళ్ల పైపు ఎల్బో (మలుపు ముక్క) కనిపించింది. అతుకు చుట్టూ తెల్లని సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు). వేడినీళ్లకు వాడే సీపీవీసీ పైపుకు దాని సొల్యూషనే వెయ్యాలి, ఇక్కడ మామూలు పీవీసీది పూశారు. వేడికి ఆ అతుకు వదిలేసి, వెంట్రుకంత సందులోంచి నీళ్లు ఊరుతున్నాయి. గుడ్డతో తుడిస్తే రెండు లెక్కబెట్టేలోపు మళ్లీ తడి.

ఎల్బో ఖరీదు చూస్తే అంతకుముందు పెట్టిన ఖర్చు తలచుకుని బాధేసింది. ఆ పాత లైను అక్కడే మూసేసి, కొత్త పైపును బయటి గోడ మీదుగా నల్ల ఫోమ్ చుట్టి దించాం. ఆ రాత్రి నుంచి మోటారు ఊరికే మోగలేదు. గోడ ఆరడానికి మాత్రం వేసవి దాకా పట్టింది.

ఇదే హీటర్ మళ్లీ కొంటారా అంటే కొంటాను. కాకపోతే పంపు దగ్గర గేజ్, చన్నీళ్లకూ వేడినీళ్లకూ విడివిడిగా వాల్వులు, హీటర్‌కు రెండు వైపులా వాల్వులు లేకుండా మాత్రం పెట్టించను. మాకు అవన్నీ ఉండబట్టే మూడు రాత్రుల్లో తేలింది. వేడినీళ్ల పైపును నేల కింద వెయ్యనివ్వను. పడమటి గోడ మీది ఫోమ్ ఎండకు పెళుసెక్కి రాలిపోతుంది, రెండేళ్లకోసారి మార్చుకోవాలి.