సెమినోల్ యోధుల బొమ్మలు: బట్టలు సరిగ్గా చేశారు, కథ సగమే చెప్పారు

అమెరికా ఆదివాసుల బొమ్మలంటే తల మీద ఈకల కిరీటం, కింద గుర్రం. అది మైదాన ప్రాంతపు తెగల వేషం. ఫ్లోరిడా సెమినోల్‌లు అలా ఉండేవారు కాదు. ఈ సెట్‌లో ఆ తేడా తెలిసి చేశారు. ఈకలు గుచ్చిన తలపాగా, మోకాళ్ల దాకా పొడుగు చొక్కా, భుజం మీదుగా నేత పట్టీ, మెడలో చంద్రవంకలాంటి పతకాలు. 1838లో చిత్రకారుడు జార్జ్ క్యాట్లిన్ వేసిన సెమినోల్ నాయకుడు ఒసియోలా చిత్రం పక్కన పెట్టి చూస్తే ముచ్చటేస్తుంది. రంగుల ముక్కలు కలిపి కుట్టిన బట్టలు తర్వాతి కాలానివి, వాటిని ఇందులో పెట్టకపోవడం ఇంకా నచ్చింది.

54 మి.మీ. బొమ్మలు, మెత్తటి ప్లాస్టిక్. తుపాకీ గొట్టాలు వంగి వస్తాయి. వేడినీళ్లలో ముంచి సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలుస్తాయి. సబ్బుతో కడిగి ప్రైమర్ (అడుగు పూత) కొట్టాకే రంగు వేయాలి. అయినా పిల్లలు ఆడుకుంటే గొట్టాల దగ్గర పెచ్చులు ఊడతాయి.

భంగిమల దగ్గరే పేచీ. దాదాపు అందరూ నిలబడి కాల్చేవాళ్లే. మేం ఉండే ఫ్లోరిడాలోని టాంపాలోనే ఒకప్పుడు అమెరికా సైన్యం కోట ఫోర్ట్ బ్రూక్ ఉండేది. అమెరికా సైన్యంతో సెమినోల్‌ల రెండో యుద్ధం మొదలైన 1835 డిసెంబరులో, ఆ సైన్యంలోని మేజర్ డేడ్ దళం అక్కడి నుంచే ఫోర్ట్ కింగ్ అనే మరో కోటకు బయల్దేరింది. చలికి సైనికులు తుపాకులను కోట్ల లోపల పెట్టుకున్నారు. 28వ తేదీన పైన్ చెట్ల చాటున, పామెట్టో పొదల్లో పొంచి ఉన్న సెమినోల్‌లు ఒక్కసారిగా కాల్చారు. వందమందికి పైగా ఉన్న దళంలో బతికి బయటపడింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ పోరు బల్ల మీద పేర్చాలంటే మోకాళ్ల మీద కూర్చున్నవాళ్లు, పడుకుని గురిపెట్టినవాళ్లు కావాలి.

నల్లజాతి సెమినోల్‌లు ఒక్కరూ లేకపోవడం మరీ పెద్ద లోటు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ యుద్ధంలో సెమినోల్‌లతో భుజం భుజం కలిపి పోరాడారు. వాళ్ల నాయకులు అబ్రహాం, జాన్ హార్స్ లేకుండా ఈ చరిత్ర ఎలా చెబుతారు?

పెట్టెలోని కాగితం మీద ఒసియోలా 'లొంగిపోయాడు' అని రాశారు. అది చదివి నాకు కోపం వచ్చింది. 1837 అక్టోబరులో అతను చర్చలకని తెల్లజెండాతో వచ్చాడు. అమెరికా సైన్యపు జనరల్ జెసప్ ఆజ్ఞతో అతన్ని పట్టుకున్నారు. మూడు నెలలకే ఫోర్ట్ మౌల్ట్రీలో బందీగా చనిపోయాడు. మా అమ్మాయికి ఆ కాగితం ఇవ్వలేదు, నేనే చెప్పాను.

రంగులు వేసే ఓపిక ఉన్నవాళ్లు తప్పకుండా కొనండి. ముఖాలు, బట్టల మడతలు ఇంత బాగా చెక్కిన సెట్లు తక్కువ. కాగితం మాత్రం చదవకండి.