అనంతపురం అన్న క్యాంటీన్: భోజనం బాగుంది, లెక్కే ఎటో పోతోంది

పాతూరులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. మధ్యాహ్నం కౌంటర్ ఇంకొకరికి అప్పజెప్పి, అరగంటలో తినేసి రావాలి. హోటల్ భోజనం రోజూ తినే జీతం కాదు నాది. అందుకే ఎక్కువగా అన్న క్యాంటీన్‌కే పోతుంటాను. ముందు తిండి సంగతి చెప్తా.

ఐదు రూపాయలకు టోకెన్. అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పెరుగు, పచ్చడి. అన్నం వేడిగానే ఉంటుంది. వడ్డించే ఆవిడ గరిటె నిండా ముంచి, కారే చుక్కను గిన్నె అంచుకు రాసి మరీ పోస్తుంది. పప్పు పోస్తే అన్నం మీద నిలుస్తుంది, సాంబారు మాత్రం పళ్లెం చివరిదాకా పరిగెడుతుంది. కాబట్టి నా ఓటు పప్పుకే. మా సీమ నాలుకకు ఇంకో చిటికెడు కారం పడితే బాగుండు అనిపిస్తుంది గానీ, పచ్చడి కలుపుకుంటే సరిపోతుంది. నిలబడి తినాలి. మొన్న నాకు ఒక పక్క ఆస్పత్రి చీటీలు చంకలో పెట్టుకున్న పెద్దాయన, ఇంకో పక్క ఇస్త్రీ చొక్కా వేసుకున్న కాలేజీ పిల్లోడు. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. తిండికి ఐదుకు నాలుగున్నర మార్కులు వేస్తా.

ఇక లెక్క. ప్రభుత్వం చెప్పిన ప్రకారం మూడు పూటలకు మనిషికి రోజుకు 90 రూపాయల ఖర్చు. మనం ఇచ్చేది 15, మిగతా 75 ఖజానాది. ఆదివారాలు సెలవు కాబట్టి నెలకు 26 రోజులు వేసుకోండి, 1,950 రూపాయలు. మూడు పూటలా తినేవాడికి సర్కారు నెలనెలా అంత చేతిలో పెట్టినట్టే. కానీ ఆ డబ్బు చివరికి ఎవరి జేబులో పడుతోంది?

మా ఓనరును జీతం పెంచమని అడిగితే అన్న మాట ఇది: "ఏమప్పా, పొద్దున ఐదు, మధ్యాన్నం ఐదు, రాత్రి ఐదు. పదైదు రూపాయల్తో దినం గడిచిపోతాంటే ఇంకా ఏం కష్టమొచ్చె నీకు?" రాత్రి భోజనం తొమ్మిదిదాకానే, మన షట్టరేమో తొమ్మిదిన్నరకు గానీ దిగదు గదన్నా అన్నాను. నవ్వేసి బిల్లు పుస్తకంలో తల దూర్చాడు.

ఈ క్యాంటీన్లు 2018లో మొదలయ్యాయి, ప్రభుత్వం మారాక 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టు 15న గుడివాడతో మొదలై మళ్లీ తెరుచుకున్నాయి. మూసినప్పుడు "పాపం, వీళ్ల తిండి ఖర్చు పెరిగింది" అని మాకు ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వలేదు. తెరిచాక మాత్రం పెంపు ఎగ్గొట్టడానికి అదే సాకు దొరికింది.

కనీస వేతనం అంటే ఒక్కడి కడుపు లెక్క కాదు. 1957లో ఢిల్లీలో జరిగిన కార్మిక మహాసభ ఒక కొలత పెట్టింది. సంపాదించేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి పెద్దవాళ్ల లెక్కన ముగ్గురి తిండి, ఇంటి అద్దె, వంట చెరకు, దీపం ఖర్చు, ఏడాదికి ఇంటిల్లిపాదికీ 72 గజాల బట్ట. బట్టల కొట్టు వాణ్ని కదా, ఆ 72 గజాలు చదవగానే మనసులో కొలిచేశాను. తలకు 18 గజాలు. ఒక చీర, జాకెట్టు, లంగాకే ఎనిమిది, తొమ్మిది గజాలు పోతుంది, ఇక స్కూలు యూనిఫాం ఎక్కడ సర్దుతాం? 1991లో సుప్రీంకోర్టు దీని మీద ఇంకో పావు వంతు వేసింది, చదువులు, మందులు, పెళ్లిళ్లు, ముసలితనం కోసమని. క్యాంటీన్ వరుసలో నిలబడ్డది నేనొక్కణ్నే. ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

అట్లని క్యాంటీన్లు ఎత్తేసి ఆ డబ్బుతో జీతాలు పెంచాలి అనేవాళ్లతోనూ నేను కలవను. పొద్దున అడ్డా మీద నిలబడే బేల్దారి కూలీకి ఓనరే ఉండడు. పని దొరకని రోజు ఏ వేతన చట్టం వాడికి అన్నం పెడుతుంది? మా ఓనరు బాధ కూడా పూర్తిగా నాటకం కాదు. జనం ఫోన్లో చీరలు కొంటున్నారు, అద్దె పెరుగుతోంది, జీతాలు పెంచితే ఒక సేల్స్ పిల్లను మాన్పిస్తానంటాడు. మాన్పించగలడు కూడా.

కానీ సర్కారు చెయ్యి పెడితే కూలి పెరగదు అంటే మాత్రం నమ్మను. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ దేశంలో మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. మా ఊరు ఆ చుట్టుపక్కలే. చెరువు పనికి పోతే ఇంత వస్తుందని తెలిశాక, శెనక్కాయ చెట్లు పీకడానికి పిలిచే రైతు అంతకంటే తక్కువ చెప్పలేకపోయాడు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రేటు రోజుకు 307. అక్కడ సర్కారు డబ్బు కూలీ తరఫున బేరమాడింది. ఇక్కడ అదే డబ్బు ఓనరు బేరానికి పనికొస్తోంది.

తప్పు పప్పుది కాదు, తనిఖీది. 1948 నాటి కనీస వేతనాల చట్టం 2019 వేతనాల కోడ్‌లో కలిసింది, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇదివరకు జాబితాలో ఉన్న పనులకే కనీస వేతనం, ఇప్పుడు అన్ని పనులకూ. వినడానికి బాగుంది. ఐదు రూపాయల అన్నానికి పెట్టిన శ్రద్ధలో సగం దుకాణాల జీతాల రిజిస్టరు చూడటానికి పెడితే, క్యాంటీన్ పేరు చెప్పి పెంపు ఆపే ధైర్యం ఎవడికీ ఉండదు.

వెళ్లేవాళ్లకు: మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలవుతుంది, మూడింటిదాకా. ఒంటి గంట దాటితే వరుస పెరుగుతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆదివారం పోవద్దు, వాళ్లకు సెలవు. దసరా, సంక్రాంతి సీజన్లో మాకు ఆ ఒక్క రోజూ ఉండదు, ఆ పూట టిఫిన్ బండే గతి.